సీటు వెనక పెట్రోల్ ట్యాంకు, తలుపు కింద తుప్పు: 1972 సి10తో ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాను. 1972 షెవర్లే సి10 పికప్ కొన్నాను. 350 ఘనపుటంగుళాల వి8 ఇంజన్, ఆటోమేటిక్, ఎనిమిదడుగుల తొట్టి. పదకొండేళ్ళుగా ఒక కొట్టంలో పడుంది. తలుపుల కింద రేకు చేతికి పొడిపొడిగా రాలుతోంది, క్యాబ్ వెనక మూలల్లో చిల్లులున్నాయి. రంగు వేయించి, కిందికి దించి, ఎల్‌ఎస్ ఇంజన్ (జీఎం తర్వాతి కాలపు వి8) పెట్టాలని ఉంది. తొట్టిని పొట్టి చేయమని కూడా కొందరంటున్నారు. రెండు కార్ల గ్యారేజీ, 120 వోల్టుల మిగ్ వెల్డర్ (తీగ దానంతటదే వచ్చే రకం) ఉన్నాయి. వెల్డింగ్ కొత్త. దేనితో మొదలుపెట్టాలి? మొత్తం విప్పేయాలా?

సమాధానం: విప్పకండి. ఇంట్లో మొదలై ఆగిపోయిన పాత బండ్లలో ఎక్కువ భాగం తుప్పు వల్ల ఆగినవి కావు, నలభై డబ్బాల్లో సర్దిన బోల్టుల వల్ల ఆగినవి. ఒక పక్క విప్పి, బాగుచేసి, బిగించి, ఆ తర్వాతే రెండో పక్కకి వెళ్ళండి. రెండో వైపు ఎలా ఉందో చూసుకోవడానికి మొదటి వైపు మీకు నమూనా అవుతుంది.

కొత్త రేకులు ఆర్డర్ పెట్టేముందు తోట గొట్టం తీయండి. 1967 నుంచి 1972 దాకా వచ్చిన ఈ తరం షెవర్లే, జీఎంసీ ట్రక్కుల్లో తలుపు కింద కనిపించే తుప్పు చాలావరకు లోపల పుట్టి బయటికి వచ్చినదే. హుడ్‌కీ ముందు అద్దానికీ మధ్య గాలి కోసం సందులున్నాయి కదా, ఏళ్ళ తరబడి ఆకులు, మట్టి వాటిలోంచి జారి, కాళ్ళకి పక్కనుండే రేకుల వెనక అడుగున పేరుకుంటాయి. అది తడిసిన గోనెసంచిలా నెలలకొద్దీ చెమ్మ పట్టి ఉంచుతుంది. అక్కణ్ణుంచి నీళ్ళు గడప పెట్టెలోకి దిగుతాయి. గడప అంటే మీరు చెప్పిన ఆ తలుపు కింది రేకు, ఇక్కడివాళ్ళు రాకర్ అనేది. లోపలి రేకు, బయటి రేకు కలిసి ఒక పెట్టెలా ఉంటుంది. దాని అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుంటే, ఇక అది నీళ్ళ తొట్టే. దీనికి తోడు ఒహాయో రోడ్ల ఉప్పు.

ఒకరు గొట్టంతో అద్దం కింద సందుల్లో, అద్దం చుట్టూ ఉన్న రబ్బరు మీద, పైకప్పు అంచున ఉండే వర్షపు గాడి వెంట మెల్లగా పది నిమిషాలు నీళ్ళు పోయాలి. ఇంకొకరు లోపల టార్చితో కూర్చోవాలి. కార్పెట్టు, కింది రబ్బరు చాప ముందే తీసేసి ఉండాలి. ఎక్కడ కారుతుందో చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ఆ దారి మూయకుండా కొత్త గడప వెల్డ్ చేస్తే, కొన్నేళ్ళకి అదే పని మళ్ళీ చేస్తారు.

తర్వాత బండి కిందికి వెళ్ళండి. జాకీ మీద వదిలేసి దూరొద్దు, గట్టి సిమెంటు నేల మీద జాక్ స్టాండులు పెట్టాలి. ఒక చేత్తో చిన్న సుత్తి, ఇంకో చేత్తో మొద్దు స్క్రూడ్రైవర్. మంచి చాసిస్ ఉక్కు మీద కొడితే గంటలా మోగుతుంది, కుళ్ళినచోట డబ్‌మంటుంది. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి రివెట్లు కొట్టి ఉన్నచోట్ల శ్రద్ధగా చూడండి. వాటి మధ్య పుట్టిన తుప్పు ఉబ్బి రేకుల్ని విడదీస్తుంది. స్టీరింగ్ బాక్సు బిగించినచోట, వెనక సస్పెన్షన్ చేతులు తగులుకున్న అడ్డ దూలం దగ్గర చాసిస్ పలచబడి ఉంటే ఆ పని కొత్తగా వెల్డింగ్ నేర్చుకునేవాళ్ళది కాదు. చాసిస్ పని చేసే షాపుకి ఇవ్వండి, లేదా మంచి చాసిస్ వెతకండి.

క్యాబ్ చాసిస్ మీద కూర్చునేది నాలుగుచోట్ల, ముందు రెండు, వెనక రెండు. ఆ నాలుగింటి చుట్టూ ఉన్న రేకుని పొడవండి. తలుపు తెరిచి, గొళ్ళెం వైపు అంచు పట్టుకుని పైకెత్తండి. ఊగితే ఎక్కడ ఊగుతోందో చూడండి. కీలు పిన్ను, బుష్ అరిగి ఊగితే అది చిన్న పని. కీలు బిగించిన స్తంభమే రేకుతో సహా కదులుతుంటే అది పెద్ద పని. నా లెక్క ఇదీ: గడపలు, మూలలు, నేల రేకులో ముందు భాగం పోతే బాగుచేయొచ్చు. వాటితోపాటు కీలు స్తంభాలు, అద్దం చుట్టూ ఉన్న చట్రం కూడా పోతే అరిజోనా, న్యూ మెక్సికోలాంటి పొడి రాష్ట్రాల నుంచి క్యాబ్ తెప్పించుకోవడమే చవక. కాకపోతే గుర్తింపు నంబరు పలక డ్రైవర్ తలుపు చట్రానికి రివెట్లతో ఉంటుంది. దాన్ని ఊడదీసి ఇంకో క్యాబ్‌కి తగిలించడం చట్టంతో చిక్కు. క్యాబ్ మార్చే ఆలోచన ఉంటే రివెట్టు ముట్టకముందే టైటిల్ (బండి యాజమాన్య పత్రం) ఆఫీసులో అడగండి. అన్నట్టు, మీ ఇంజన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వి8 అవునో కాదో ఆ నంబరే చెబుతుంది. మొదటి మూడు అక్షరాల్లో మూడోది ఇంగ్లీషు E అయితే వి8, S అయితే ఆరు సిలిండర్లది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. మీ బండిలో పెట్రోల్ ట్యాంకు క్యాబ్‌లోనే, సీటు వెనక నిలబెట్టి ఉంటుంది. 1973లో వచ్చిన తర్వాతి మోడల్‌లోనే అది బయటికి, చాసిస్ పక్కకి వెళ్ళింది. మీరు కోయబోయే క్యాబ్ మూలలు ఆ ట్యాంకుకి జానెడు దూరంలో ఉన్నాయి. గ్రైండర్ ముట్టించే ముందు ట్యాంకు పూర్తిగా బయటికి రావాలి, గ్యారేజీలోంచి కూడా. ఖాళీ ట్యాంకు నిండుదానికన్నా ప్రమాదం, ఎందుకంటే అంటుకునేది ఆవిరి. ట్యాంకుకి చిల్లి ఉన్నా వెల్డ్ చేయాలని చూడొద్దు, కొత్తది కొనండి. మీ గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉందేమో చూసుకోండి. దాని మంట నేల దగ్గరే ఉంటుంది, పెట్రోల్ ఆవిరి పాకేది కూడా నేలమీదే.

ట్యాంకు తీశాక, రేకు పనికి ముందే ఇంజన్, బ్రేకులు చూసేయమంటాను. 350 బాగుందో లేదో తెలిస్తే ఎల్‌ఎస్ కొనాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల పలుచని నూనె పోసి, ఒకటి రెండు రోజులు ఉంచి, క్రాంక్ ముందు బోల్టుకి పొడవాటి రాడ్డు తగిలించి చేత్తో తిప్పండి. పట్టేసినట్టనిపిస్తే స్టార్టర్‌తో బలవంతం చేయకండి, ఇంకో రెండు రోజులు నాననివ్వండి. తిరిగితే పాత ఆయిల్ దించి కొత్తది పోయండి. తర్వాత ప్లగ్గులు పెట్టకముందే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) ఉన్న తీరు గుర్తు పెట్టుకుని తీసి, ప్రైమింగ్ రాడ్డుని డ్రిల్లుకి తగిలించి ఆయిల్ పంపు తిప్పండి. దీనికి పాత స్క్రూడ్రైవర్ కోసి వాడేవాళ్ళున్నారు, సరిపోదు. ఈ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ కాండమే ఆయిల్ దారిలో ఒక గోడ. ఆ గోడ లేకపోతే ఒత్తిడి అక్కడే కారిపోయి ఒక వైపు లిఫ్టర్లకి (వాల్వుల్ని తోసే ముక్కలకి) ఆయిల్ అందదు. కాలర్ ఉన్న రాడ్డు కొనండి.

డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు (స్పార్కు కోసం కరెంటు తెంచే కాంటాక్టులు) అరిగిపోతే కొత్తవి పెట్టి డ్వెల్ (అవి మూసి ఉండే కోణం) 30 డిగ్రీలకి అమర్చండి. హెచ్‌ఈఐ (పాయింట్లు లేని ఎలక్ట్రానిక్) డిస్ట్రిబ్యూటర్‌కి మారుస్తారా, మంచిదే, కానీ పాత కాయిల్‌కి వచ్చే వైరునే దానికి కలపకండి. అది రెసిస్టెన్సు వైరు, బండి నడిచేటప్పుడు పన్నెండు వోల్టులు పూర్తిగా ఇవ్వదు. ఫ్యూజు బాక్సు నుంచి, తాళం తిప్పితే వచ్చే కొత్త వైరు లాగాలి. పెట్రోల్ రబ్బరు గొట్టాలన్నీ పారేయండి. ఇప్పటి పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు దానికి మెత్తబడి లోపలే ఊడుతుంది. ఆయిల్ కొనేటప్పుడు జింకు ఎక్కువున్నది, 1000 పీపీఎంకి పైన, చూసి తీసుకోండి. చప్పటి లిఫ్టర్ల క్యామ్‌కి అది లేకపోతే అరుగుదల.

1971 నుంచి వీటి ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు మామూలుగానే వచ్చాయి కాబట్టి ఆ మార్పిడి ఖర్చు మీకు తప్పింది. ఇనప బ్రేకు పైపులు మాత్రం ఎంత బాగా కనిపించినా మార్చండి. రాగి, నికెల్ మిశ్రమం గొట్టం, 3/16 అంగుళం, చేత్తోనే వంగుతుంది, తుప్పు పట్టదు. కొసలు 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్ చేయాలి, అంటే గరాటులా విప్పి రెండు మడతలు వేయాలి. ఒకే మడత ఫ్లేర్ ఒత్తిడికి చీలుతుంది. గొట్టం కోశాక లోపలి అంచు గీకకుండా ఫ్లేర్ చేస్తే అక్కడే పగులు మొదలవుతుంది. బ్రేకు పైపుల్లోంచి గాలి తీసే వరస: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. వెనక డ్రమ్ముల్లో పాత షూ దుమ్ముని గాలి కొట్టి దులపొద్దు. ఆ కాలం లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. సబ్బు నీళ్ళతో తడిపి తుడవండి.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకుని ఎన్నడూ వెల్డ్ చేయకండి. ఆ వేడికి, ఆ వెలుగుకి అది ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీసేదే. డబ్బా మీద క్లోరినేటెడ్ అని ఉంటే ఇంటికే తేవొద్దు. రేకు తుడవడానికి అసిటోన్ చాలు, అదీ పూర్తిగా ఆరాకే వెల్డర్ ముట్టించండి.

ఇక గడప. విజయవాడ ఆటోనగర్‌లో అయితే కొలత చూపిస్తే రేకు కొట్టి చేతికిచ్చే మనిషి వీధికొకరు దొరుకుతారు. కొలంబస్‌లో గంట లెక్క కూలీ పడుతుంది కాబట్టి ఇది మీరే నేర్చుకోవాల్సిన పని. లోపలి గడప, బయటి గడప, వెనక మూల రేకు మూడూ విడివిడిగా అచ్చు ప్యానెళ్ళుగా అమ్ముతారు. పద్దెనిమిది గేజ్ రేకుతో చేసినవి తీసుకోండి (గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలచన). ఇరవై రెండు గేజ్‌వి చవకే, వెల్డర్ తగలగానే కారిపోతాయి.

కోసేముందు క్యాబ్ బరువు నాలుగు మౌంట్ల మీద సమంగా ఉండాలి. జాక్ స్టాండు క్యాబ్ కింద పెట్టి గడప కోస్తే క్యాబ్ వంగుతుంది, తర్వాత తలుపు పడదు. తలుపు సందుకి అడ్డంగా, ఐమూలగా అంగుళం చదరపు ఇనప గొట్టాలు తాత్కాలికంగా టాక్ చేయండి, అంటే చిన్న చుక్కల్లా వెల్డ్ పెట్టండి. అంతకన్నా ముందే తలుపు చుట్టూ సందులు ఎక్కడెంత ఉన్నాయో కొలిచి ఆ కాగితం గోడకి అంటించండి. ఐదు మి.మీ. చుట్టుపక్కల సమంగా రావాలి. ఒక్క పక్కే కోయండి. ముందు బయటి గడప తీయాలి. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డులు చిన్న చిన్న గుంటల్లా కనిపిస్తాయి, ఎనిమిది మి.మీ. స్పాట్ కట్టర్‌తో పై రేకు వరకే తొలవండి. లోపలి గడప ఎక్కడిదాకా కుళ్ళిందో అప్పుడు తెలుస్తుంది. మంచి రేకు తెల్లగా మెరిసేదాకా వెనక్కి కోయాలి. అంచు కాగితంలా పలచగా ఉన్నచోట వెల్డ్ నిలవదు, చిల్లి పెద్దదవుతూ పోతుంది. కొత్తవాళ్ళందరికీ మొదటి దెబ్బ తగిలేది ఇక్కడే.

కొత్త గడపని క్లాంపులతో, రేకు స్క్రూలతో పట్టించి, తలుపు బిగించి, మూసి, సందులు కొలవండి. తీసి, సరిచేసి, మళ్ళీ. ఒక్క టాక్ కూడా వేయకముందు తలుపు పదిసార్లు మూయడం దండగేమీ కాదు.

మీ 120 వోల్టుల మిగ్ ఈ పనికి సరిపోతుంది, కానీ గ్యాస్ పెట్టించుకోండి. 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్, 0.6 మి.మీ. తీగ. గ్యాస్ లేని ఫ్లక్స్ తీగ పలుచ రేకుకి వేడి ఎక్కువ. గ్రౌండ్ క్లాంపు వెల్డ్ పక్కనే ఉండాలి. దూరంగా వెనక యాక్సిల్‌కి తగిలిస్తే కరెంటు బేరింగుల్లోంచి పోతుంది. బ్యాటరీ గ్రౌండ్ వైరు తీసేయండి. వరసగా గీత లాగొద్దు. ఒక టాక్, పది అంగుళాల అవతల ఇంకోటి, మళ్ళీ ఇటు. రేకు చేతికి గోరువెచ్చగా తగిలేదాకా ఆగి, మధ్యలో నింపుతూ రండి. తొందరపడి లాగిన గీత రేకుని అలలు అలలుగా వంచుతుంది, ఆ అలల్ని మాపడానికి పట్టే పుట్టీయే తర్వాత పగిలేది. చిన్న చిల్లు పడితే వెనక చదును చేసిన రాగి ముక్క ఆనించి నింపండి, రాగికి వెల్డ్ అంటుకోదు. ముందు రెండు మూడు రోజులు పాత తలుపు రేకు ముక్కల మీద చేయి తిప్పుకోండి.

వెల్డింగ్ రోజు పక్కనే నీళ్ళ బకెట్టు, మంటలార్పే సిలిండర్ ఉండాలి. చివరి టాక్ వేశాక కనీసం గంటసేపు గ్యారేజీ వదలొద్దు. పాత సౌండ్ దుప్పటి, ఎలకల గూళ్ళు నిప్పు చూపకుండా కాలుతూ ఉండి, మీరు భోజనానికి వెళ్ళాక అంటుకుంటాయి.

వెల్డ్ చేయలేని చిన్న భాగాల తుప్పుకి, అంటే బ్రాకెట్లు, కీళ్ళు, గొళ్ళేలకి, బెల్లం మడ్డి ఎలా పనిచేస్తుందో చూడండి. ఒక పాలు మడ్డి, తొమ్మిది పాళ్ళు నీళ్ళు, మూత ఉన్న బకెట్టులో రెండు వారాలు. తుప్పు కరుగుతుంది, ఉక్కు మిగులుతుంది. వాసన మాత్రం మీ పక్కింటివాళ్ళు పోల్చుకోగలరు. త్వరగా కావాలంటే ఎలక్ట్రాలిసిస్: గ్యాలను నీళ్ళకి ఒక టేబుల్ స్పూన్ వాషింగ్ సోడా, పాత రకం పన్నెండు వోల్టుల చార్జర్, నెగెటివ్ మీ భాగానికి, పాజిటివ్ పారేసే మామూలు ఇనప ముక్కకి. స్టెయిన్‌లెస్ ముక్క పెట్టొద్దు, నీళ్ళలోకి విష క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ బుడగలొస్తాయి కాబట్టి బయట ఆరుబయలే. స్ప్రింగులు, గట్టి గ్రేడు బోల్టులు ఆమ్లంలోగానీ దీంట్లోగానీ వేయకండి, పెళుసుబారతాయి.

రంగు విషయంలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటే. రేకు గీకి, స్ప్రే డబ్బా ప్రైమర్ కొట్టి, చలికాలమంతా గ్యారేజీలో వదిలేస్తారు. ఆ ప్రైమర్ చెమ్మ పీలుస్తుంది, దాని కిందే కొత్త తుప్పు మొదలవుతుంది. రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ వాడండి. 80 నంబరు కాగితంతో గీకిన రేకు మీద రెండు పూతలు, గీకిన రోజే. చల్లటి గ్యారేజీలో అది గట్టిపడదు. 15 డిగ్రీల సెల్సియస్ పైన, గాలి ఒక్కటే కాదు, రేకు కూడా అంత వెచ్చగా ఉండాలి. మీ దగ్గర ఏప్రిల్ చివరి వరకు ఆగడం మేలు. పుట్టీ ఆ ఎపాక్సీ మీదే వేయండి, మూడు మి.మీ. మించకుండా. ఫాస్ఫారిక్ ఆమ్లంతో తుప్పు తీసినచోట దాన్ని కడగకుండా ఎపాక్సీ కొడితే పొరలుగా లేస్తుంది. పై రంగు మాత్రం షాపులో కొట్టించండి. గట్టిపడే రంగుల్లో ఐసోసయనేట్లు (పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు చేసే రసాయనాలు) ఉంటాయి. వాటికి బయటి గాలి అందించే మాస్కు కావాలి, డబ్బా ఫిల్టర్ మాస్కు మీద నమ్మకం పెట్టుకోకూడదు.

రంగయ్యాక గడప పెట్టెల్లో, మూలల్లో, తలుపుల అడుగున క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు ఆపే మైనం) పొడవాటి గొట్టంతో కొట్టండి. అడుగు రంధ్రాల్లోంచి కారేంత కొట్టి, అదే రంధ్రాన్ని తీగతో మళ్ళీ తెరవండి.

ఎత్తు తగ్గించడం తేలికే. ముందు రెండున్నర అంగుళాలు దింపే స్పిండిళ్ళు (చక్రం తిరిగే ఇరుసు ముక్కలు) పెట్టండి, స్ప్రింగు కోయొద్దు. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది, గుంటలో పడితే ఆర్మ్ రబ్బరు దిమ్మకి కొట్టుకుంటుంది. వెనక మీకు కాయిల్ స్ప్రింగులేనా అని చూసుకోండి, కొన్ని సి10లకి పట్టీ స్ప్రింగులు వచ్చాయి. కాయిల్ అయితే నాలుగంగుళాలు పొట్టి స్ప్రింగులు, షాక్ మౌంటు మార్చే బ్రాకెట్లు, పొడవు సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్డు. ఆ రాడ్డు మార్చకపోతే యాక్సిల్ ఒక పక్కకి జరిగి, ఒక టైరు తొట్టి లోపలికి, ఇంకోటి బయటికి వస్తుంది. అంతకన్నా దించితే యాక్సిల్ చాసిస్‌ని తాకుతుంది, చాసిస్‌ని గాడిలా కోసి బలపరచాలి. వద్దు. చక్రాలు కొనేటప్పుడు మీ బండికి ఐదు బోల్టులు, ఐదంగుళాల వృత్తం అని గుర్తుంచుకోండి. 1970 దాకా వచ్చినవాటికి ఆరు.

ఎల్‌ఎస్ గురించి: 350 ఇంజన్ కంప్రెషన్ ఒత్తిడి అన్ని సిలిండర్లలో దగ్గర దగ్గరగా ఉండి, ఆయిల్ ఒత్తిడి నిలుస్తుంటే ఈ ఏడాదికి దాన్నే నడపండి. ఎల్‌ఎస్‌కి ఇంజన్ ఖర్చొక్కటే కాదు, 58 పీఎస్‌ఐ పెట్రోల్ ఒత్తిడి కావాలి. అంటే లోపల పంపున్న కొత్త ట్యాంకు, కొత్త లైన్లు. ఎలాగూ ట్యాంకు తీశారు కాబట్టి దాన్ని సీటు వెనక మళ్ళీ పెట్టకుండా, తొట్టి కింద వెనక భాగంలో అమరే ట్యాంకు ఇప్పుడే వేయించండి, లోపల పంపు పెట్టే చోటున్నది. ముందు ముందు మనసు మారినా ఆ పని చేసిపెట్టినట్టే.

తొట్టిని పొట్టి చేయాలంటే 127 అంగుళాల వీల్‌బేస్‌ని (ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని) 115కి తేవడానికి చాసిస్‌ని నడిమికి కోసి కలపాలి. వెల్డింగ్ నేర్చుకుంటున్న ఏడాది ఆ పని పెట్టుకోకండి. పైగా ఎనిమిదడుగుల తొట్టిలో నాలుగు బై ఎనిమిది ప్లైవుడ్ షీటు వెనక తలుపు మూసి పడుకోబెట్టొచ్చు.